ఆనందంలో మొదటి ర్యాంకు

తెనాలిలో నాటకాల డ్రస్ కంపెనీ నడిపే సాంబయ్యగారి కొడుకు కోటిలింగం ఇరవై ఆరో ఏట దుర్యోధనుడి భుజకీర్తులు తగిలించుకుని రాక్ పాటలు పాడటం మొదలుపెట్టాడు. పద్యనాటకాలు ఆడేవాళ్లు తగ్గిపోయి, బీరువాల్లో కిరీటాలూ వడ్డాణాలూ నల్లబడుతున్న రోజులవి. సరుకు వాడకపోతే పాడైపోతుందని తండ్రికి చెప్పాడు. అసలు సంగతి వేరు. తనకి పదమూడేళ్లప్పుడు, మోహినీ వేషం కట్టే ఒకాయన రెప్పల మీద చమ్కీ అద్దుకుంటుంటే కోటిలింగం అద్దం పక్కన నిలబడి చూశాడు. అంత మెరుపు ఒక మగమనిషి మొహం మీద ఇమడగలదని తెలిసిన ఆ క్షణం నుంచీ అతనికి చదువు తలకెక్కలేదు.

గుంటూరు చర్చిలో గిటారు వాయించే ఏలియా, పెళ్లి బ్యాండులో డ్రమ్ములు కొట్టే మస్తాన్‌వలి వచ్చి కలిశారు. ముగ్గురూ వెండిరంగు బెల్‌బాటం ప్యాంట్లు కుట్టించుకున్నారు. నాలుగంగుళాల మడమలున్న బూట్లు చేయించుకున్నారు. బృందానికి 'చమ్కీదండు' అని పేరు పెట్టుకున్నారు. పెద్దవాళ్లకి ఎవరికీ ఆ పాటలు నచ్చలేదు. అవి పెద్దవాళ్ల కోసం రాసినవి కావు కాబట్టి ఎవరూ బాధపడలేదు కూడా.

పదిహేను, పదహారేళ్ల పిల్లలు మాత్రం పడిచచ్చేవారు. వాళ్లకి అన్నిటికంటే ఇష్టమైన పాట 'మీకెందుకు'. నా రెప్పల మీద మెరుపేమిటో మీకెందుకు, నా మడమల కింద ఎత్తెంతో మీకెందుకు అంటూ సాగుతుందది. నడుమ మస్తాన్ డ్రమ్ముల మీద విరుచుకుపడతాడు. అప్పుడు హాలంతా కలిసి 'మీకెందుకు' అని బుద్ధిపుట్టినన్నిసార్లు అరుస్తుంది. ఒక్కోరోజు నాలుగుసార్లు, ఒక్కోరోజు పద్నాలుగు.

గుంటూరులో ఒక ఫంక్షన్ హాల్లో ఆదివారం మధ్యాహ్నం పెట్టిన కచేరీకి అగ్రతార జూనియర్ కాలేజీ హాస్టల్ నుంచి నలభై ముగ్గురు పిల్లలు గోడ దూకి వచ్చారు. చమ్కీ కొనుక్కునే దారి లేక, చిప్స్ పొట్లాల లోపలి వెండి కాగితం నక్షత్రాల్లా కత్తిరించి, బుగ్గలకి జిగురుతో అంటించుకుని వచ్చారు. అందులో మోక్షిత అని పిడుగురాళ్ల పిల్ల ఒకతి ఉంది. ముందు వరసలో నిలబడి ఆ అమ్మాయి వేసిన కేకకి ఏలియా గిటారు తీగ తెగిందని మస్తాన్ ఇప్పటికీ అంటాడు. కచేరీ అయ్యాక స్టేజి దగ్గరికొచ్చి, "సార్, ఆ బూట్లు ఎక్కడ కుట్టిస్తారు సార్?" అని అడిగింది. కోటిలింగం జవాబు చెప్పేలోపే వార్డెన్ వ్యానేసుకుని దిగాడు. నలభై ముగ్గురినీ తలలు లెక్కబెట్టి ఎక్కించుకుపోయాడు.

సరిగ్గా ఆ వారమే పైనుంచి ఒక సర్క్యులర్ దిగింది. హాస్టళ్లలో చదివే పిల్లల మొహాల్లో కళ ఉండటం లేదని ఎవరో ఎక్కడో గమనించారట. కావున ప్రతి విద్యార్థికీ వారమునకు తొంబది నిమిషములకు తక్కువ కాకుండా ఆనందము కలిగించవలెననీ, కలిగినట్లు రుజువులు భద్రపరచవలెననీ అందులో ఉంది.

మూడోరోజున అగ్రతార అకడమిక్ డీన్ డాక్టర్ వాచస్పతిగారి దగ్గర్నుంచి కోటిలింగానికి కబురొచ్చింది. పిల్లల్ని పాడుచేశావని పోలీసులకి అప్పజెబుతారేమోనని అతను మొహం కడుక్కుని, తెల్లచొక్కా వేసుకుని, మస్తాన్‌ని తోడు తీసుకుని వెళ్లాడు. డీన్‌గారు ఇద్దరికీ టీ తెప్పించారు.

"నలభై ముగ్గురు గోడ దూకితే మావాళ్లు క్రమశిక్షణా రాహిత్యం అన్నారు. నేను డేటా అన్నాను" అన్నారాయన. "మూడువేల మందిలో నలభై ముగ్గురు. అంటే వన్ పాయింట్ ఫోర్ పర్సెంట్. వద్దంటేనే ఇంత అవుట్‌పుట్ ఉంది. షెడ్యూల్ వేసి కూర్చోబెడితే హండ్రెడ్ పర్సెంట్ ఎందుకు రాదు?"

"మేం ఏం చెయ్యాలండీ?" అన్నాడు కోటిలింగం.

"ఆనందం. ప్రతి శనివారం నాలుగు నుంచి ఐదున్నర వరకు. మీరు ఆనంద విభాగానికి ఫ్యాకల్టీ."

ఇద్దరూ బయటికొచ్చారు. గేటు దాటాక మస్తాన్ అన్నాడు. "కోటన్నా, ఆయన మన పాట ఒక్కటి కూడా ఇనలా. ఒక్కటంటే ఒక్కటి."

"మూడువేల మంది పిల్లలు వింటార్రా. మనకి ఇంకెక్కడ దొరుకుతారు?" అన్నాడు కోటిలింగం. అప్పటికి అతను ఎక్కువలో ఎక్కువ మూడువందల మంది ముందు పాడాడు. పైగా కొడుకు లెక్చరరయ్యాడని సాంబయ్య ఆ సాయంత్రమే బజారంతా చెప్పుకొచ్చాడు.

మొదటి శనివారం ఆడిటోరియంలో మూడువేల మంది రోల్ నంబర్ల వరసలో కూర్చున్నారు. మగపిల్లలకీ ఆడపిల్లలకీ నడుమ తెర కట్టారు. కోటిలింగం భుజకీర్తులు సర్దుకుంటూ స్టేజి మీదికొచ్చేసరికి డీన్‌గారు మైకు పట్టుకుని ఉన్నారు.

"విద్యార్థులారా, అందరూ సహజంగా అరవాలి. విజిల్ వెయ్యగానే సహజంగా మొదలుపెట్టి, రెండో విజిల్‌కి సహజంగా ఆపేయాలి. ముందుగా అరిచినా, తరవాత అరిచినా నెగెటివ్ మార్కులుంటాయి."

ప్రతి వరస చివరా ఒక ఫ్లోర్ ఇన్‌చార్జి ధ్వని కొలిచే ఫోను పట్టుకుని నిలబడ్డాడు. రెండో పాట ఎనిమిదో నిమిషంలో విజిల్ పడింది. మూడువేల గొంతులు ఒక్కసారి లేచాయి. కోటిలింగానికి ఒళ్లు ఝల్లుమంది, కళ్లు చెమ్మగిల్లాయి. చేతులు చాచి పిల్లల వైపు వంగాడు. రెండో విజిల్ పడింది. కొళాయి కట్టేసినట్టు అంతా ఆగిపోయింది. అతను చేతులు చాచినవాడు చాచినట్టే ఉండిపోయాడు.

సోమవారానికల్లా తల్లిదండ్రుల ఫోన్లకి మెసేజీలు వెళ్లాయి. 'మీ వార్డు ఈ వారం ఆనందంలో 61 శాతం సాధించారు. సెక్షన్ సగటు 74.' ఆ సాయంత్రం నరసరావుపేట నుంచి ఒక తండ్రి కోటిలింగానికి ఫోన్ చేశాడు.

"సార్, మావాడు కేకలో వీకంటున్నారు. చిన్నప్పట్నుంచీ నెమ్మదస్తుడు సార్, వాళ్లమ్మ పోలిక. ఏం పెట్టమంటారు? బాదంపప్పులు నానబెట్టి పెడితే పెరుగుద్దా?"

రెండోనెలలో చిప్స్ కాగితం నిషేధించారు. అది అనధికార మెరుపని నోటీసుబోర్డులో పెట్టారు. దాని బదులు ప్రతి విద్యార్థికీ సంస్థ ముద్రతో రెండేసి నక్షత్రాలు ఇచ్చారు. ఎడమ చెంపకొకటి, కుడి చెంపకొకటి. శనివారం మధ్యాహ్నం వార్డెన్లు స్కేళ్లు పుచ్చుకుని ముక్కుకీ నక్షత్రానికీ మధ్య దూరం కొలిచి లోపలికి పంపేవారు.

ఆనందం ఒక సబ్జెక్టయ్యాక దానికి పుస్తకం లేకపోతే ఎలా? ఇరవై రెండేళ్లు ఫిజిక్స్ చెప్పిన శరభయ్య మాస్టార్ని ఆనంద విభాగానికి మార్చి, మెటీరియల్ తయారుచెయ్యమన్నారు. పాపం, ఆయన మంచివాడు. ఏ పని చెబితే ఆ పని తప్పుల్లేకుండా చేస్తాడు. ముప్పైరోజులు కూర్చుని చమ్కీదండు పాటలన్నీ విని, రెండు సంపుటాలు రాశాడు. 'మీకెందుకు' పాటలో పల్లవి ఎన్నిసార్లు తిరిగివస్తుంది, ఆ మాట ఎన్నిసార్లు పలుకుతారు, గాయకుడు ఏ చరణం దగ్గర కుడికాలు పైకెత్తుతాడు, అన్నీ పట్టికలు వేశాడు. ఆయన విన్న రికార్డింగులో 'మీకెందుకు' ఆరుసార్లుంది. అందుకని అది ఆరుసార్లని ఖాయమైపోయింది.

ఒక శనివారం కోటిలింగానికి ఎందుకో హుషారొచ్చింది. బయట సన్నగా వాన పడుతోంది. మస్తాన్ కొత్త దరువొకటి వేశాడు. ఆ ఊపులో 'మీకెందుకు' అని తొమ్మిదిసార్లు పాడాడు. ఆదివారం పరీక్షలో ఆ మాట ఎన్నిసార్లు వస్తుందనే ప్రశ్న పడింది. పుస్తకం బట్టీపట్టిన వాళ్లంతా ఆరు అని రాశారు. పాట నిజంగా విన్నవాళ్లు పదిహేడు మంది తొమ్మిది అని రాశారు. ఆ పదిహేడు మందికీ సున్నా వచ్చింది.

మంగళవారం కోటిలింగానికి మెమో అందింది. 'మీరు ఆనంద తరగతియందు నిర్ణీత ఆరు పర్యాయములకు బదులు తొమ్మిది పర్యాయములు మీకెందుకు అని ఉచ్చరించి, పదిహేడుగురు విద్యార్థుల భవిష్యత్తుతో చెలగాటమాడినారు. ఎందుకో సంజాయిషీ ఇవ్వవలెను.'

అతను డీన్‌గారి గదికి వెళ్లి నిలబడ్డాడు.

"సంతోషమేసిందండీ. అందుకని మూడుసార్లు ఎక్కువ పాడాను."

డీన్‌గారు కళ్లజోడు తీశారు. "మీకు సంతోషం వెయ్యడం షెడ్యూల్లో ఎక్కడుందండీ? సంతోషం పిల్లలది. మీరు ఫ్యాకల్టీ. అసలు మీకు సబ్జెక్టు మీద పట్టుందా లేదా అని నాకు అనుమానంగా ఉంది."

ఆ అనుమానం తీర్చుకోవడానికి ఆనంద విభాగం సిబ్బందికి అర్హత పరీక్ష పెట్టారు. నలభై మార్కులకి. అందులో ఒక ప్రశ్న 'మీకెందుకు అని కవి ఎవరితో, ఏ సందర్భమున పలికెను?' కోటిలింగం నిజాయతీగా రాశాడు. మా మేనత్తతో. మొహానికి ఆ పూతలేంట్రా అని అడిగిన సందర్భంలో. మెటీరియల్ ప్రకారం సరైన జవాబు 'సమాజముతో, యువత ఆత్మవిశ్వాసమును ప్రకటించు సందర్భమున'. కోటిలింగానికి మొత్తమ్మీద పదకొండు మార్కులొచ్చాయి. శరభయ్య మాస్టారికి నలభైకి నలభై.

ఇక చేసేదేముంది. మరుసటి శనివారం నుంచి స్టేజి మీద శరభయ్య మాస్టారు పాడారు. యాభై నాలుగేళ్ల మనిషి. దుర్యోధనుడి భుజకీర్తులు ఆయన బక్క భుజాల మీద నిలవక ముందుకి జారుతుంటే చేత్తో పట్టుకుని, ఆరంటే ఆరుసార్లు 'మీకెందుకు' అని, మూడో చరణం మొదటి పాదంలో కుడికాలు పైకెత్తారు. ఒక్క తప్పు లేదు. తెర వెనక్కి వచ్చి కోటిలింగం పక్కన కూలబడి, "బూట్లు కరుస్తున్నాయి బాబూ. నువ్వు వీటితో ఎట్లా ఎగిరేవాడివయ్యా?" అన్నారు. కోటిలింగం మోకాళ్ల మీద కూర్చుని ఆయన బూట్లు విప్పిపెట్టాడు. ఆయన మీద కోపం తెచ్చుకోవాలని ప్రయత్నించాడు గానీ రాలేదు.

డ్రమ్ముల దరువు వారం వారం మారుతోందని మస్తాన్ని, అతనితోపాటే ఏలియానీ తీసేసి రికార్డు పెట్టారు. మస్తాన్ సామాను సర్దుకుంటూ, "పెళ్లిళ్లలో మన వాయింపు ఎవుడూ పట్టించుకోడన్నా. అదే నయం. ఈడ మార్కులేస్తన్నారు. నువ్వు గూడా వచ్చెయ్" అన్నాడు.

కోటిలింగం వెళ్లలేదు. అతన్ని వెనకబడ్డ పిల్లలకి కేక నేర్పించే గదిలో వేశారు. మూడువేల మంది నోళ్లలో తన పాట ఉంది కదా, పాడేదెవరైతేనేం అని తనకి తాను చెప్పుకునేవాడు. చెప్పుకుని, కేకలో 35 శాతం దాటని నరసరావుపేట కుర్రాడికి ఊపిరి ఎలా పట్టాలో చూపించేవాడు.

ఆ ఏడాది మిగతా కాలేజీలు కూడా ఆనందంలోకి దిగాయి. ఎవరికి వాళ్లు మొహాలకి వెండిరంగు పూసిన లెక్చరర్లని తయారుచేసుకున్నారు. సాంబయ్య బీరువాల్లో ఒక్క కిరీటం మిగల్లేదు. రాష్ట్రం మొత్తానికి ఆనంద పరీక్ష జరిగింది. ఫలితాలొచ్చిన రోజు టీవీలో ఒక గొంతు ఊపిరి తీసుకోకుండా, ఆనందంలో ఒకటి, రెండు, రెండు, మూడు, ఐదు, ఐదు, ఆరు అని చదువుకుంటూ పోయింది. ఆ ఒకటి మోక్షిత. గుంటూరు నిండా ఆమె ఫ్లెక్సీలు లేచాయి. ఎన్ని ఫొటోలు తీసినా నవ్వు రాకపోతే, నవ్వు తరవాత కంప్యూటర్లో పెట్టారు.

ఈ ర్యాంకుకి ఎంట్రన్సుల్లో వెయిటేజీ ఉంటుందని ఒక మాట పుట్టింది. ఎవరు పుట్టించారో తెలియదు. తల్లిదండ్రులు వచ్చి అడిగితే డీన్‌గారు ఉందని ఎన్నడూ అనలేదు. "ఉండవచ్చు" అనేవారు. ఆ ఒక్క మాటతో పిల్లలకి ఆదివారం ఉదయం కూడా కేక క్లాసులు మొదలయ్యాయి.

ఆనందం ఎలా అమలవుతోందో చూడటానికి పైనుంచి వచ్చే ఇన్‌స్పెక్షన్‌కి వారం ముందు, మధ్యాహ్నం భోజనాల వేళ, మోక్షిత కోటిలింగం గదికొచ్చింది. మెడకి మఫ్లర్ చుట్టుకుని ఉంది. 

"రా అమ్మా, ఫస్ట్ ర్యాంకర్ ఈ గదికొచ్చిందేంటి?" అన్నాడతను.

ఆ అమ్మాయి గొంతు చూపించి తల అడ్డంగా ఊపింది. నోట్‌బుక్కులోంచి ఒక కాగితం చింపి బల్ల మీద పెట్టింది. 

'సార్, గొంతు పోయింది. ఇంకా అరిస్తే మళ్లీ రాకపోవచ్చని డాక్టర్ చెప్పారు. ఇన్‌స్పెక్షన్‌లో డెమో నేనే ఇవ్వాలని డీన్ సార్ అంటున్నారు. నాన్నకి చెప్పలేదు, ఫ్లెక్సీ చూసి ఊరంతా భోజనాలు పెట్టాడు. ఇంకొక మాట సార్. మీ పాట వినపడితే నాకు వాంతి వస్తోంది. తప్పుగా అనుకోకండి.'

కోటిలింగం ఆ కాగితం చదివి మడతపెట్టాడు. మళ్లీ విప్పి చదివాడు. తలెత్తేసరికి ఆ అమ్మాయి క్షమించమన్నట్టు చూస్తోంది. తన పాట వల్ల ఒక పిల్లకి వాంతి వస్తుంటే, ఆ పిల్ల తనకి క్షమాపణ చెప్పుకోవడం అతను భరించలేకపోయాడు. నేరుగా డీన్‌గారి గదికెళ్లాడు.

"ఆ అమ్మాయికి పదిహేను రోజులు సెలవివ్వండి."

"ఆనందం నుంచి సెలవా? అది కంపల్సరీ అండీ. కావాలంటే మెడికల్ సర్టిఫికెట్ పెట్టి, అనారోగ్యంలో కూడా ఆనందంగానే ఉన్నట్టు ఒక డిక్లరేషన్ ఇవ్వొచ్చు. కానీ డెమోకి మాత్రం రావాలి."

"గొంతు శాశ్వతంగా పోతుందంటున్నారండీ."

"ర్యాంకు శాశ్వతమండీ" అన్నారు డీన్‌గారు.

ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన అధికారి పేరు పరాంకుశం. పైనుంచి కిందిదాకా ఇస్త్రీ చేసిన మనిషి, మాటలు కూడా. తల్లిదండ్రుల్ని పిలిచి ముందు వరసల్లో కూర్చోబెట్టారు. శరభయ్య మాస్టారు పాడారు. విజిల్ పడింది. మూడువేల మంది నలభై రెండు సెకన్లు అరిచి, రెండో విజిల్‌కి ఆగారు.

పరాంకుశంగారు పక్కనున్న గుమాస్తా వైపు తిరిగారు. "ఆనందము సంభవించినది. నమోదు చేసుకొనుడు."

తరవాత మోక్షితని స్టేజి మీదికి పిలిచారు. ఆ అమ్మాయి మఫ్లర్ తీసి, మైకు ముందు నిలబడింది. విజిల్ పడింది. నోరు తెరిచింది. మెడనరాలు ఉబ్బాయి, మొహం ఎర్రబడింది. గాలి తప్ప మరేం రాలేదు. మళ్లీ ప్రయత్నించింది. కళ్లలోంచి నీళ్లు కారి చెంపల మీది నక్షత్రాలు ఊడి కిందపడ్డాయి.

"ఇదేమి?" అన్నారు పరాంకుశంగారు.

"ఆనందబాష్పాలండీ" అన్నారు డీన్‌గారు. "అడ్వాన్స్‌డ్ లెవెల్."

"కేక లేకయే బాష్పములు వచ్చునా?"

"టాప్ ర్యాంకుల్లో వస్తాయండీ."

ముందు వరసలో ఒక తల్లి పక్కావిడతో, "మావాడికి ఇది ఇంకా మొదలుపెట్టలేదు చూశారా" అంది. ఇద్దరు ముగ్గురు పుస్తకాల్లో రాసుకున్నారు. అప్పుడు రెండో వరసలోంచి మోక్షిత తండ్రి అంకారావు లేచాడు. సున్నపుబట్టీల దగ్గర పనిచేయించే మనిషి. గొంతు పెద్దది.

"ఏందమ్మా, ఏమైంది నీ గొంతుకి? ఓ సారూ, నా బిడ్డకి బాగలేదు. ఆపండి ఇది!"

"సర్, సర్, కూర్చోండి" అన్నారు డీన్‌గారు మెత్తగా. "వెయిటేజీ విషయం..."

అంకారావు ఏదో అనబోయి ఆగాడు. కూతుర్ని చూశాడు. డీన్‌గారిని చూశాడు. మళ్లీ కూతుర్ని చూడలేక, తలవంచుకుని కూర్చున్నాడు.

అతను కూర్చోవడం చూశాకే కోటిలింగం లేచాడు. స్టేజి ఎక్కి, మోక్షిత ముందునుంచి మైకు తీసుకున్నాడు.

"అయ్యా, ఈ పాటలు రాసింది నేను. వీటికి వెయిటేజీ లేదు."

"ఉండవచ్చు" అన్నారు డీన్‌గారు.

"లేదండీ. రాసినవాణ్ణి నేను చెబుతున్నాను. ఈ పాటలతో ఏ సీటూ రాదు. ఏ ఎంట్రన్స్‌లోనూ ఒక్క బిట్టు పడదు. జ్ఞాపకశక్తి పెరగదు. ఏకాగ్రత తగ్గుద్ది కూడా. నేను ఈ పాటలు రాయడం పట్టుకున్న ఏడాదే డిగ్రీ తప్పాను. మళ్లీ కట్టి, మళ్లీ తప్పాను." తల్లిదండ్రుల వైపు తిరిగాడు. "అమ్మా, అయ్యా, మా పాట ఎందుకూ పనికిరాదు. పనికొస్తుందని మేం ఎప్పుడూ రాయలేదు."

ఒక మనిషి పదేళ్ల ప్రాణాన్ని పట్టుకుని అందరి ముందూ చెత్తబుట్టలో వేస్తుంటే పరాంకుశంగారు ఆసక్తిగా ముందుకి వంగారు.

"ఇది మీరు లిఖితపూర్వకముగా ఈయగలరా?"

కోటిలింగం తెల్లకాగితం అడిగాడు. స్టేజి మీదే చతికిలబడి రాశాడు. 'నా పాటలన్నియు నిరుపయోగములనియు, వాటివలన ఎవరికిని ఏ విధమైన మార్కులు రావనియు ఇందుమూలముగా ధ్రువీకరిస్తున్నాను.' సంతకం పెట్టడానికి పెన్ను ఆగిపోతే శరభయ్య మాస్టారు తన పెన్నిచ్చారు. తరవాత ఆయన బూట్లు రెండూ విప్పి పక్కన పెట్టి, వట్టికాళ్లతో వచ్చి, సాక్షిగా కింద సంతకం చేశారు.

"సున్నానా?" అన్నదో తల్లి. "ఒక్క మార్కు కూడా లేదా?" అన్నారు వెనక వరసలోంచి. కుర్చీలు కదిలాయి. క్షణంలో తల్లిదండ్రులంతా డీన్‌గారి చుట్టూ మూగారు. ఏడాదిపాటు మా పిల్లలు శనివారాలు వృథా చేసుకున్నారా అని ఒకరు, ఆ టైములో కెమిస్ట్రీ రెండుసార్లు రివిజనయ్యేదని ఇంకొకరు. ఆ గందరగోళంలో అంకారావు స్టేజి ఎక్కి, కూతురి మెడకి మఫ్లర్ చుట్టి, చెయ్యి పట్టుకుని, ఎవరికీ చెప్పకుండా గేటు బయటికి తీసుకెళ్లిపోయాడు.

ఆనందము నిష్ప్రయోజనమని దాని మూలపురుషుడే అంగీకరించినందున తప్పనిసరి అంశముగా కొనసాగించ వీలులేదని పరాంకుశంగారు నివేదిక పంపారు. ఆ వారం నుంచే శనివారం నాలుగింటి పీరియడ్ కెమిస్ట్రీకి వెళ్లింది. మిగతా కాలేజీలు పదిరోజుల్లో వెండిరంగు కడిగేసుకున్నాయి. మూడునెలలకి ప్రకృతిని ప్రేమించమని ఇంకో సర్క్యులర్ దిగింది. ఇప్పుడు అగ్రతారలో ఒక్కో విద్యార్థికి ఒక్కో మొక్క ఇచ్చి, రోజూ ఇరవై నిమిషాలు దానితో మాట్లాడిస్తున్నారనీ, పూసినవాటికి ర్యాంకులిస్తారనీ వినికిడి.

కోటిలింగం రాసిచ్చిన కాగితం ఫొటో అందరి ఫోన్లలోకీ వెళ్లింది. తన పాటలు పనికిరావని తానే సంతకం చేసినవాణ్ణి ఎవరు పిలుస్తారు? ఫంక్షన్ హాళ్లవాళ్లు ఫోనెత్తడం మానేశారు. అతను తెనాలి వచ్చి, నాలుగు కాలేజీల నుంచి తిరిగొచ్చిన కిరీటాలకి చింతపండు రాసి తోమడం మొదలుపెట్టాడు.

మూడోరోజు భోజనాల దగ్గర సాంబయ్య అడిగాడు.

"ఏరా, నిజంగానే రాసిచ్చావా?"

"ఇచ్చాను నాన్నా."

"స్టాంపు పేపరు మీదా?"

"తెల్లకాగితం మీదే."

"అయితే పర్లేదులే" అన్నాడు సాంబయ్య, మజ్జిగ పోసుకుంటూ.

దసరా సెలవుల్లో మస్తాన్, ఏలియా వచ్చారు. కొత్త పాటలు నాలుగున్నాయి, ఎక్కడో ఒకచోట పాడాలి కదా అని డ్రస్ కంపెనీ వెనక గోడౌనులో ఒక మధ్యాహ్నం కచేరీ పెట్టారు. బీరువాలు గోడకి జరిపి, మధ్యలో చాపలు పరిచారు. తెలిసినవాళ్లకి ఫోన్లు చేశారు. పదకొండు మంది పిల్లలొచ్చారు. ఆఖర్న మోక్షిత వచ్చింది. అంకారావు ఆమెని దించి, బయట బండి మీదే కూర్చున్నాడు.

"గొంతెట్లా ఉందమ్మా?" అన్నాడు కోటిలింగం.

"వచ్చింది సార్. కొంచెం బొంగురుంది." నిజమే, గరుకుగా, వేరే ఎవరిదోలా ఉంది. ఆ అమ్మాయి చాప అంచున కూర్చుని, భయంగా అడిగింది. "సార్, అరవాలా?"

"నీ ఇష్టం."

నాలుగు పాటలు పాడారు. ఎవరూ అరవలేదు. మూడో పాటకి ఒక కుర్రాడు నిద్రపోయాడు. అయిపోయాక పిల్లలు లేచి, కిరీటాలు పెట్టుకుని చూసుకుంటున్నారు. మోక్షిత మాత్రం కూర్చున్నచోటే ఉంది.

"ఏం, నచ్చిందా?" అన్నాడు కోటిలింగం చెమట తుడుచుకుంటూ.

"రెండోది బాగాలేదు సార్."

కోటిలింగం తువ్వాలు దించాడు. "రెండోదా? రెండోదేనమ్మా అన్నిట్లోకీ మంచిది! నాలుగునెలలు కూర్చుని రాశాను దాన్ని."

"పల్లవి ఊరికే ఊరికే వస్తుంది సార్. మూడోసారికే విసుగొచ్చేసింది."

"విసుగా?" అతని గొంతు లేచింది. "దానికేం తెలుసురా మస్తాన్, నువ్వు చెప్పు."

మస్తాన్ డ్రమ్ము మీద దుమ్ము తుడుస్తూ, "నువ్వు రాసిన రోజే చెప్పానన్నా. నువ్వినలా" అన్నాడు.

కోటిలింగానికి నిజంగా కోపం వచ్చింది. చెవులు వేడెక్కాయి. ఏదో గట్టిగా అనబోతూ ఆ అమ్మాయి మొహం చూశాడు. ఆమె అతనికేసి తిన్నగా చూస్తోంది, మాట వెనక్కి తీసుకునే ఉద్దేశం లేనట్టు. ఏడాదిన్నరలో వినే పిల్లల్లో ఒకరు అతనితో పాట బాగాలేదనడం అదే మొదటిసారి. అగ్రతారలో మూడువేల మందీ నలభై రెండు సెకన్లు అరిచినవాళ్లే తప్ప, ఒక్కరూ ఆ మాట అనలేదు.

బయట అంకారావు హారన్ కొట్టాడు.

"పది నిమిషాలు నాన్నా!" అని ఆ గరుకు గొంతుతోనే కేకేసింది మోక్షిత.

కోటిలింగం మైకు దగ్గరికి లాక్కున్నాడు. "సరే. మళ్లీ పాడతాను. ఎక్కడ విసుగొస్తే అక్కడ చెయ్యెత్తు."

మస్తాన్ పుల్లలు అందుకున్నాడు. ఏలియా శ్రుతి ఇచ్చాడు. కోటిలింగం కళ్లు మూసుకుని, కసిగా, ప్రాణం పెట్టి పల్లవి ఎత్తుకున్నాడు. రెండో లైనుకి కళ్లు తెరిచి చూస్తే మోక్షిత చెయ్యి అప్పటికే పైకి లేచి ఉంది.